మహావీరాచార్యుని అంకెల హారం

క్రీ.శ. 850 ప్రాంతంలో, రాష్ట్రకూట ప్రభువైన అమోఘవర్ష నృపతుంగుని కాలంలో, మహావీరాచార్యుడనే జైన గణితవేత్త సంస్కృతంలో 'గణితసారసంగ్రహం' రచించాడు. ఆ రాజ్యానికి రాజధాని మాన్యఖేటం. నేటి కర్ణాటకలోని మళఖేడ్. గ్రంథంలో గుణకారాన్ని బోధించే ఘట్టాన 27994681ని 441తో గుణించమనే లెక్క ఒకటి ఉన్నది. లబ్ధం 12345654321, అనగా 1234 కోట్ల 56 లక్షల 54 వేల 321. ఒకటితో మొదలై ఆరు వరకు ఎక్కి, మరల క్రమంగా ఒకటికి దిగే ఈ సంఖ్యను, ఇటువంటి మరికొన్నింటిని, ఆచార్యుడు కంఠహారాలతో పోల్చాడు.

ఈ హారం యాదృచ్ఛికం కాదు. ఆరు ఒకట్లుగల 111111ను దానితోనే గుణిస్తే వచ్చే వర్గమిది. గుణకారం చేసేటప్పుడు ఆరు వరుసలు ఒక్కొక్క స్థానం ఎడమకు జరుగుతూ పడతాయి. కుడి అంచున ఒక ఒకటి, దాని పక్కన రెండు, నడుమ ఆరు. ఆపైన మరల తగ్గుదల. ఏ నిలువు వరుసలోనూ మొత్తం తొమ్మిదిని దాటదు గనుక ఎడమ స్థానానికి ఏమీ పోదు. వరుసలన్నింటిలో కలిపి ఒకట్లు ముప్పైఆరు; లబ్ధంలోని అంకెలను కూడినా ముప్పైఆరే.

తొమ్మిది ఒకట్ల వరకు ఈ సొగసు నిలుస్తుంది. పదింటి వర్గం 1234567900987654321. నడిమి నిలువు వరుసలో పది రాగానే ఒకటి ఎడమకు పోయి, హారం తెగిపోయింది.

ఇక కారణాంకాలు. 111111 అనేది 3, 7, 11, 13, 37 అనే ప్రధాన సంఖ్యల లబ్ధం. 441 అంటే 21 వర్గం, అనగా 3, 7ల లబ్ధానికి వర్గం. 27994681 మిగిలిన మూడింటి లబ్ధమైన 5291కి వర్గం. రెండు వర్గాలను ఆచార్యుడు ఊరకనే ఎంచుకున్నాడనుకోవడం కష్టం. 111111ను విడగొట్టి, ఆ భాగాల వర్గాలను శిష్యునికి లెక్కగా ఇచ్చాడనుట సమంజసం. ఆయన మార్గాన్ని గ్రంథం చెప్పదు గాని, అంకెలే సాక్ష్యం.

అలంకారంతోపాటు ఇందులో ఉపయోగమూ ఉన్నది. తాటియాకులపై ఒకరినుండి ఒకరు వ్రాసుకొనే రోజుల్లో ఒక్క అంకె తారుమారైతే లెక్క మొత్తం చెడుతుంది. లబ్ధం హారమైతే తప్పు దానంతట అదే బయటపడుతుంది; గురువు పక్కన లేకున్నా శిష్యుడు తన లెక్కను తానే పరీక్షించుకోవచ్చు. పదాలతో సంఖ్యలు చెప్పే సంప్రదాయంలో అంకెలను కుడినుండి ఎడమకు చదవాలి. ఈ హారానికి ఆ చిక్కూ లేదు, ఎటు చదివినా ఒకటే!

కన్నడ రాజాశ్రయంలో పుట్టిన ఈ గ్రంథాన్ని పావులూరి మల్లన 'సారసంగ్రహ గణితము' పేరిట తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. ఆయన 11వ శతాబ్దివాడని పలువురి అభిప్రాయం. కాలనిర్ణయంలో పండితుల వాదాలు తేలలేదు. మల్లన కేవలం అనువాదకుడు కాడు. మూలంలోని జైన ప్రస్తావనల స్థానంలో శైవ ప్రస్తావనలు చేర్చి, లెక్కలను తెలుగువారి నోటికి అలవాటైన పద్యంలో పెట్టాడు. సంస్కృత మూలం మాత్రం 1912లో మద్రాసులో ఎం. రంగాచార్యుల ఆంగ్లానువాదంతో అచ్చయింది.