ప్రైవేటు కళాసేకరణ ప్రజల ఆస్తి కావాలంటే: హైదరాబాద్ అనుభవం

ప్రత్యేక వ్యాసం

తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నిలయమైన జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌ ప్రాంతాలలోను, పొరుగున ఉన్న బంజారాహిల్స్‌లోను ఆధునిక చిత్రకళను ప్రదర్శించి విక్రయించే గ్యాలరీలు నెలకొన్నాయి. అక్కడ అమ్ముడైన చిత్రాలు సాధారణంగా కొనుగోలుదారుల ఇళ్లకు చేరి, ప్రజల దృష్టికి దూరమవుతాయి. న్యూఢిల్లీ, ముంబై, బెంగుళూరు నగరాలలో ఉన్న జాతీయ ఆధునిక కళా మ్యూజియం శాఖ హైదరాబాద్‌లో లేదు. మాదాపూర్ సమీపంలోని కావూరి హిల్స్‌లో గల రాష్ట్ర కళా గ్యాలరీ ముఖ్యంగా తాత్కాలిక ప్రదర్శనలకు వేదికగా ఉన్నది. ఇటువంటి సేకరణలకు శాశ్వత స్థానం కల్పించే విషయం చర్చకు వచ్చినప్పుడు భవన విస్తరణ, వ్యయం ప్రధానాంశాలుగా కనిపిస్తాయి. అయితే సేకరణ ఏ షరతులపై మ్యూజియానికి చేరుతున్నదన్నదే అంతిమంగా నిర్ణాయకమని గత అనుభవాలు తెలుపుతున్నాయి.

చట్టం ద్వారా సంక్రమణ: సాలార్‌ జంగ్ మ్యూజియం

నవాబ్ మీర్ యూసుఫ్ అలీఖాన్, మూడవ సాలార్‌ జంగ్ (1889-1949), అవివాహితులుగా మరణించారు. ఆయన విస్తారమైన సేకరణ చెల్లాచెదురు కాకుండా కాపాడేందుకు అప్పటి హైదరాబాద్ ముఖ్య పౌర పాలనాధికారి ఎం.కె. వెల్లోడి మ్యూజియం ఏర్పాటును సంకల్పించారు. కళా విమర్శకులు జేమ్స్ కజిన్స్ వస్తువులను వర్గీకరించే పనిలో సహకరించారు. 1951 డిసెంబరు 16న నాటి ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ దివాన్ దేవ్డీ నివాస భవనంలో మ్యూజియాన్ని ప్రారంభించారు.

ప్రారంభమైన నాటికి సేకరణపై యాజమాన్య ప్రశ్న పూర్తిగా పరిష్కారం కాలేదు. 1958లో హైకోర్టు డిక్రీ ఆధారంగా కుదిరిన రాజీ ఒప్పందం ద్వారా వారసులు సేకరణను భారత ప్రభుత్వానికి అప్పగించారు. 1961లో పార్లమెంటు సాలార్‌ జంగ్ మ్యూజియం చట్టాన్ని ఆమోదించి, దీనిని జాతీయ ప్రాముఖ్యత గల సంస్థగా ప్రకటించింది. రాష్ట్ర గవర్నర్ అధ్యక్షులుగా గల బోర్డుకు నిర్వహణ బాధ్యత అప్పగించడం జరిగింది.

విస్తరణ దీని తరువాతి దశ. 1968లో మ్యూజియం మూసీ నది దక్షిణ తీరాన నిర్మించిన నూతన భవనానికి తరలించబడినది. 2000 సంవత్సరంలో మరి రెండు భవనాలు చేరాయి. మొదటి సాలార్‌ జంగ్ పేర మీర్ తురాబ్ అలీఖాన్ భవన్ పాశ్చాత్య కళకు, రెండవ సాలార్‌ జంగ్ పేర మీర్ లాయక్ అలీఖాన్ భవన్ తూర్పు దేశాల కళకు కేటాయించబడినవి. ఆధునిక భారతీయ చిత్రకళా విభాగంలో రాజా రవివర్మ, అవనీంద్రనాథ్ ఠాగూర్, నందలాల్ బోస్, కె.కె. హెబ్బార్, ఎం.ఎఫ్. హుస్సేన్ తదితరుల చిత్రాలు ఉన్నాయి.

ట్రస్టు, కొనుగోలు, వ్యక్తిగత సంస్థ

రెండవ మార్గం ట్రస్టు. చిత్రకారులైన జగదీశ్ మిట్టల్, కమలా మిట్టల్ దంపతులు తాము సేకరించిన భారతీయ కళాఖండాలను 1976లో పబ్లిక్ ట్రస్టుకు అప్పగించి, హైదరాబాద్‌లోనే మ్యూజియంగా రూపొందించారు.

మూడవది కొనుగోలు. నిజాం ట్రస్టులకు చెందిన 173 ఆభరణాలను భారత ప్రభుత్వం 1995లో 218 కోట్ల రూపాయలకు స్వాధీనం చేసుకున్నది. 2001లోను, 2006లోను సాలార్‌ జంగ్ మ్యూజియంలో వాటిని ప్రదర్శించినప్పటికీ, హైదరాబాద్‌లో వాటికి శాశ్వత ప్రదర్శనశాల ఏర్పడలేదు. యాజమాన్యం ప్రభుత్వానిదైనా, ప్రదర్శన స్థలం ముందుగా నిర్ణయం కాకపోతే ప్రజలకు దర్శనం దుర్లభమేనని ఈ ఉదాహరణ సూచిస్తున్నది.

నాలుగవది వ్యక్తిగత సంస్థ. 1999లో ఎం.ఎఫ్. హుస్సేన్ బంజారాహిల్స్‌లో చిత్రకళ, సినిమా కలగలిసిన ‘సినిమా ఘర్’ను స్థాపించారు. చలనచిత్ర రంగానికి సమీపంలో వెలసిన ఈ సంస్థ తరువాతి కాలంలో మూతపడింది. స్థాపకుని అనంతరం కూడా కొనసాగే నిర్వహణ వ్యవస్థ లేనిచోట కళాసంస్థలు నిలవడం కష్టమనడానికి ఇది నిదర్శనం.

విదేశాలలో దీర్ఘకాలిక అరువు

అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో ఆధునిక కళా మ్యూజియం డోరిస్, డోనాల్డ్ ఫిషర్ దంపతుల సుమారు 1,100 కళాఖండాలను 100 సంవత్సరాల అరువుపై స్వీకరించింది. 2009లో అంగీకారం కుదిరింది. 2013లో మూసివేసిన మ్యూజియం పది అంతస్తుల విస్తరణ అనంతరం 2016 మే నెలలో తిరిగి తెరుచుకున్నది. ఫిషర్ గ్యాలరీలలో ప్రదర్శించే వాటిలో కనీసం 75 శాతం ఆ సేకరణకు చెందినవై ఉండాలన్న షరతు బయటపడినప్పుడు విమర్శలు వచ్చాయి. విస్తరణతో స్థలం పెరిగినా, ఆ స్థలంలో ఏమి ప్రదర్శించాలన్న స్వేచ్ఛ కొంత తగ్గిందన్నది విమర్శకుల వాదన.

న్యూఢిల్లీలోని జాతీయ ఆధునిక కళా మ్యూజియం 1954లో జైపూర్ హౌస్‌లో ప్రారంభమై, 2009లో నూతన విభాగాన్ని సమకూర్చుకున్నది. అక్కడ సేకరణ ప్రభుత్వానిదే అయినందున అటువంటి షరతుల ప్రశ్న తలెత్తలేదు.

చట్టపరమైన, సాంకేతిక అంశాలు

పురావస్తువులు, కళానిధుల చట్టం, 1972 ప్రకారం 100 సంవత్సరాలు నిండిన చిత్రాలు పురావస్తువుల పరిధిలోకి వస్తాయి. అంతకంటే తక్కువ వయసు గల చిత్రాలను వాటి కళాత్మక విలువ దృష్ట్యా కేంద్ర ప్రభుత్వం కళానిధులుగా ప్రకటించవచ్చును. చిత్రకారుడు జీవించి ఉండగా ఆ ప్రకటన చేయరాదు. రాజా రవివర్మ, రవీంద్రనాథ్ ఠాగూర్, అమృతా షేర్‌గిల్, జామినీ రాయ్ తదితర తొమ్మిది మంది కళాకారుల రచనలు ఈ వర్గంలో ఉన్నాయి. వీటిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు ఎగుమతి చేయరాదు. అయితే దేశంలో వ్యక్తుల వద్ద ఉన్న చిత్రాలను ప్రజలకు చూపించాలన్న నిబంధన ఏదీ ఈ చట్టంలో లేదు. కనుక ఆ నిర్ణయం సేకర్తల సుముఖతపైనే ఆధారపడి ఉన్నది.

నూతన గ్యాలరీలలో వెలుతురు, తేమ నియంత్రణ అత్యవసరం. కాగితంపై వేసిన చిత్రాలకు సుమారు 50 లక్స్, తైలవర్ణ చిత్రాలకు సుమారు 200 లక్స్ వెలుతురు పరిమితిగా మ్యూజియంలు పాటిస్తాయి. హైదరాబాద్‌ వేసవి ఎండలు, వర్షాకాలపు తేమ దృష్ట్యా ఈ ఏర్పాట్లకు ప్రతి సంవత్సరం నిర్వహణ వ్యయం అవసరమవుతుంది.

ఒప్పందానికి ముందు నిర్ణయించవలసిన అంశాలు

సేకరణ దానమా, అరువా, కొనుగోలా అన్నది, అరువైతే గడువు ముగిసిన పిదప ఏమి చేయాలన్నది, ప్రదర్శనపై దాతకు గల హక్కులు, వారసుల సమ్మతి, బీమా, సంరక్షణ వ్యయం ఎవరు భరించాలన్నది, చిత్రాలను విక్రయించే అధికారం ఎవరికీ లేకుండా చేయడం. ఇవి పునాదిరాయి వేయడానికి ముందే లిఖితపూర్వకంగా తేలవలసిన విషయాలు. సాలార్‌ జంగ్ సేకరణ విషయంలో 1958లో ఒప్పందం, 1961లో చట్టం, 1968లో నూతన భవనం, 2000లో విస్తరణ ఈ క్రమంలోనే జరిగాయి.