జావా పొలములు – సుడిదోమ నేర్పిన పాఠము

రైతునకు సలహా చెప్పువారికి ఏ దేశమునందును కొదువ లేదు. అతని కంటితో పొలమును చూచువారు మాత్రము అరుదు. ఇండొనీషియా దేశమున వ్యవసాయ సలహాదారుల చరిత్ర ఇందులకు తగిన దృష్టాంతము. వరి సాగు చేయు కుటుంబములు మనలో పెక్కు గలవు గావున దానిని సంగ్రహముగా మనవి చేయుచున్నాము.

1963లో బోగోరు వ్యవసాయ విద్యార్థులు కొందరు పడమటి జావాలోని కరవాంగు పల్లెలకు పోయి, రైతులతో గలిసి నివసించి, మంచి విత్తనము, ఎరువు, నీటి పారుదల విషయములు బోధించిరి. దిగుబడి హెచ్చెను. దానిని చూచి ప్రభుత్వము కొలది యేండ్లలోనే ‘బిమాస్’ అను పేర దేశమంతట పథకము నెలకొల్పెను. కాని పథకము పెద్దదైన కొలది సలహాదారుని పని మారిపోయెను. ఏ విత్తనము, ఎంత ఎరువు, ఎన్నిమారులు పురుగుమందు అని పైనుండి వచ్చిన నిర్ణయమును పల్లెకు చేర్చుటయే అతని విధి యయ్యెను. పురుగుమందు వెలలో ఒక దశలో నూటికి సుమారు ఎనుబది పాళ్లు ప్రభుత్వమే భరించెను.

రిజిష్టరులలో గళ్లు నింపుచు ఉద్యోగకాలము గడిపిన మాకు ఇట్టి పథకముల నడక క్రొత్త గాదు. ఎన్ని సీసాల మందు పంచిరో వ్రాయుటకు గడి యుండును. రైతు ఏమి గ్రహించెనో వ్రాయుటకు గడి యుండదు.

ఇంతలో సుడిదోమ విజృంభించెను. మనవారు దోమపోటు అని భయపడునది ఇదియే. 1977 ప్రాంతమున పది లక్షల టన్నులకు మించి బియ్యము నష్టమైనట్లు అంచనా. మందు చల్లిన కొలది దోమ పెరిగెను. ఏలయన, దోమను తిను సాలెపురుగులు, అక్షింతల పురుగులు మందునకు చచ్చెను. వరి కాడ లోపల దాగిన దోమగ్రుడ్లు మాత్రము బ్రతికెను. వాటినుండి వెలువడిన పిల్లదోమలకు శత్రువే లేకపోయెను. దోమకు తట్టుకొను వంగడములతో కొంతకాలము ఊరట కలిగి, 1984 నాటికి దేశము బియ్యమున స్వయంసమృద్ధి సాధించెను. కాని 1986లో దోమ మరల వచ్చెను.

ఆ యేటి నవంబరులో అధ్యక్షుడు సుహార్తో 57 పురుగుమందులను వరిపై వాడరాదని శాసించెను. 1989 నాటికి మందుల సబ్సిడీయు రద్దయ్యెను. ఆ సంవత్సరముననే ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో రైతుల క్షేత్రపాఠశాలలు ఆరంభమయ్యెను.

ఇందు బోధించువారు మొదట తామే ఒక పంటకాలము వరి పండించి నేర్చుకొనవలెను. పిదప ఇరువదియైదుగురు రైతులను చేర్చుకొని, పంట ముగియువరకు వారమునకొకమారు పొలమున కూడుదురు. దుబ్బులు విడదీసి పురుగులను లెక్కించి, చూచినదానిని బొమ్మగా గీసి చర్చింతురు. ‘ఇది ఏమి పురుగు?’ అని రైతు అడిగినచో సలహాదారుడు వెంటనే పేరు చెప్పడు. ‘ఎచ్చట కనబడినది? ఏమి చేయుచున్నది?’ అని ఎదురు ప్రశ్నించును. సాలెపురుగును, దోమలను ఒక గిన్నెలో విడిచి గుడ్డ కట్టుదురు. ఎన్ని దోమలు మిగిలినవో మరునాడు రైతే లెక్కించుకొనును. 1999 నాటికి సుమారు పది లక్షలమంది రైతులు ఈ విధముగా శిక్షణ పొందిరి.

ఆ యేటితో జాతీయ కార్యక్రమము ముగిసెను. మందుల అమ్మకము మరల పెరిగెను. 2010, 2011 సంవత్సరములలో జావా పొలములను సుడిదోమ తిరిగి పీడించెను. ఒక తరము నేర్చిన పాఠము తరువాతి తరమునకు దానంతట అది అబ్బదని దీనివలన తెలియుచున్నది.

ఈ పద్ధతియే ఆంధ్రదేశమునకు వచ్చి ‘పొలంబడి’ అను చక్కని పేరు దాల్చినది. తుంగభద్ర ఆయకట్టున గంగావతి, సింధనూరు ప్రాంతముల క్యాంపులలో స్థిరపడి వరి పండించు మనవారికిని ఇది అవసరమైన విద్యయే. అచ్చటి సలహాదారుడు కన్నడమున మాటలాడును, మన పెద్దలు తెలుగున ఆలోచింతురు. అయినను ఇద్దరును గట్టు దిగి ఒకే దుబ్బును విడదీసి చూచినచో, ఆ సంభాషణకు దుబాసీ అక్కరలేదు. మందుల దుకాణములో అప్పు వ్రాయించుటకు ముందు ఒక్క ఉదయము పిల్లలను వెంటబెట్టుకొని అట్లు చూడవలసినదిగా రైతు కుటుంబములను కోరుచున్నాము.