ఒకే తొట్టెలో పలు సరస్సులు

చేపల తొట్టెకు చరిత్ర ఏముంటుందని మిత్రులు నవ్వుకోవచ్చు. నా తొట్టెలో ఒక ఫైర్‌మౌత్ చేప చచ్చిపోయేవరకు నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

మా ముందుగదిలో నాలుగడుగుల గాజుతొట్టె ఉంది. అందులో ఒక జత కన్విక్టులను, ఒక ఫైర్‌మౌత్‌ను, ఒక జాక్ డెంప్సీని, నారింజరంగు చేపనొకదానిని తెచ్చి కలిపాను. "అన్నీ మధ్య అమెరికా సిక్లిడ్లే సార్, ఒకే ఫ్యామిలీ, కలిసే ఉంటాయి" అన్నాడు దుకాణదారు. రెండు నెలలు నిజంగానే కలిసి ఉన్నాయి. ఆ తరువాత కన్విక్టుల జంట కుండపెంకు కింద గుడ్లు పెట్టింది. నాలుగోనాటి ఉదయానికి ఫైర్‌మౌత్ రెక్కలు పీలికలై, ఫిల్టరు గొట్టం వెనుక వెల్లకిలా తేలుతూ కనిపించింది. చంపినవి దానికంటె చిన్నచేపలు. ఇవి ఎక్కడివి, ఎవరు వీటిని ఒకచోటికి చేర్చారు అన్న వెదకులాట నాకు ఆనాడు మొదలైంది.

కథ 1860లలో మొదలవుతుంది. కెప్టెన్ డౌ అనే నౌకాధికారి, గాడ్మన్, సాల్విన్ అనే ప్రకృతి పరిశీలకులు మధ్య అమెరికా జలాలనుండి సేకరించిన చేపలు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంకు చేరాయి. అక్కడ ఆల్బర్ట్ గుంథర్ వాటికి శాస్త్రనామాలు పెట్టాడు. నికరాగువా సరస్సులోని మైడస్ చేపను 1864లో, ఖైదీ దుస్తులవంటి నల్లచారలున్న కన్విక్టును 1867లో వర్ణించాడు. డెంప్సీ చేప 1903లో రీగన్ చేతిమీదుగా శాస్త్రానికి పరిచయమైంది. 1919 నుండి 1926 వరకు హెవీవెయిట్ విజేతగా నిలిచిన ముష్టియోధుని పేరు దానికి ఊరకే రాలేదు.

పటం తీసి చూస్తే, ఫైర్‌మౌత్ నివాసం మెక్సికోలోని యుకటాన్, బెలీజ్, గ్వాటెమాల ప్రాంతాలు. నా నారింజచేప పూర్వీకులది నికరాగువా. అవి పుట్టి ఎరిగిన నీటిలో ఒకదానికొకటి ఎదురుపడే అవకాశమే లేదు. "మధ్య అమెరికా" అన్నది అంగడివాడి చీటీ మాత్రమే.

ఇంతకూ ఆ నారింజచేప మైడసా, రెడ్ డెవిలా? దుకాణదారుకు తెలియదు. అది అతని తప్పు కాదు. షికాగో మ్యూజియం పక్షాన నికరాగువా మహాసరస్సుల చేపలను పరిశీలించిన సెత్ మీక్, 1907 నాటి గ్రంథంలో, మైడస్ చేపలను ఎన్నిమార్లు వేర్వేరు జాతులుగా విడదీయబోయినా నిలకడైన లక్షణమేదీ దొరకలేదని ఒప్పుకున్నాడు. ఆ పండితుని గౌరవార్థమే 1918లో ఫైర్‌మౌత్‌కు మీకి అన్న నామం పెట్టారు.

మీక్ సందేహానికి సమాధానంలో కొంత అపోయో అనే సరస్సులో దొరికింది. అగ్నిపర్వత బిలంలో నీరు నిండి ఏర్పడిన ఆ సరస్సు వయస్సు 25,000 ఏళ్ళ లోపే. అక్కడ నడినీటిలో సంచరించే, బాణంవలె సన్నని చేపను 1976లో బార్లో, మన్సీ కొత్తజాతిగా వర్ణించారు. అడుగున తిరిగే మైడస్, ఈ బాణపుచేప ఒకే పూర్వీకుల నుండి ఆ సరస్సులోనే, నడుమ ఏ అడ్డుగోడా లేకుండానే విడివడ్డాయని 2006లో నేచర్ పత్రికలో బర్లుఎంగా, మేయర్ మొదలైనవారు జన్యుసాక్ష్యంతో చూపారు. తిండి వెదికే చోటు వేరయింది, జతను ఎంచుకునే తీరు వేరయింది. ఒకే నీరు ఇద్దరికీ చాలింది.

మరొక బిలసరస్సు హిలోవాలో మెక్‌కే అనే శాస్త్రజ్ఞుడు 1977లో ఇంకా విచిత్రమైన సంగతి రాశాడు. నాచు మేసే ఒక సిక్లిడ్ మగచేప, తన జాతినే కాక పరజాతిని, అందునా వేటాడి తినే పెద్దచేప పిల్లలను కాపలా కాస్తుందట! కనుక కలిసి బతకడం ఈ చేపలకు చేతకాని విద్య కాదు. తల్లీ తండ్రీ ఇద్దరూ పిల్లలను కాచే వంశమిది. గూటి చుట్టూ కొంతమేర ఎవరినీ రానివ్వరు. సరస్సులో ఓడినది ఆ మేర దాటి పారిపోతే పోరు ముగుస్తుంది. నా తొట్టెలో దాటడానికి ఆవలి చోటు లేదు. నేను క్రౌర్యమనుకున్నది పిల్లలగల ఇంటివారి కాపలా.

చోటుతోపాటు జత ఎంపిక కూడా పోతే జరిగేది సంకరం. మైడస్, రెడ్ డెవిల్ పేర్లతో అమ్మే చేపలలో చాలావరకు ఈ రెండింటి కలయికే. 1990లలో మలేసియా పెంపకందారులు మధ్య అమెరికా సిక్లిడ్లను కలిపి ఫ్లవర్‌హార్న్‌ను తయారుచేశారు. చైనా భాషలో దాని పేరు లువోహాన్, అంటే అర్హతుడు. మన దేశపు బౌద్ధపదం చైనా చుట్టి, మలేసియా మీదుగా, "వాస్తు చేప" అన్న బిరుదుతో మన బజారుకే తిరిగివచ్చింది. దానికి పుట్టిన సరస్సంటూ లేదు. అయితే వదిలిన సరస్సు ఉంది. ఇండోనేసియాలోని సులవేసి దీవిలో మతానో అనే ప్రాచీన సరస్సులో, ప్రపంచంలో మరెక్కడా లేని చేపల నడుమ, ఫ్లవర్‌హార్న్‌లు చేరాయని 2012లో పరిశోధకులు నమోదు చేశారు. అపోయోలోనూ 1990లలో పెంపకానికి తెచ్చిన ఆఫ్రికా తిలాపియా సరస్సులోకి చేరి, అడుగున పెరిగే నీటిమొక్కలను తినివేసింది.

మా కన్విక్టుల పిల్లలు నూరు దాటిన రోజుల్లో పెదనాన్నగారు ఊరినుండి వచ్చారు. "పాపం, ఇరుకున పడి ఉన్నాయిరా, మన చెరువులో వదిలేద్దాం" అన్నారు. ఆయన దయగలవారు. 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా చెరువుల్లో ఎలా వ్యాపించిందో, మతానో సంగతేమిటో చెప్పాను. ఆయన చాలాసేపు తొట్టెవైపు చూశారు.

"అయితే ఇంట్లోనే పెంచు. అంగడివాడు చెప్పాడని మరొకటి మాత్రం తేకు" అన్నారు.

ఇప్పుడు కన్విక్టులకు పెద్దతొట్టె మొత్తం ఇచ్చేశాను. డెంప్సీకి ఒకటి, నారింజచేపకు ఒకటి వేర్వేరు తొట్టెలున్నాయి. పిల్లలను అడిగినవారికి ఇస్తున్నాను, చెరువులో వదలమన్న మాట తీసుకున్న తరువాతే.