పంతులమ్మ కోసం దుర్గాబాయి పోరు

వికారాబాదు జిల్లాలో కుల్కచర్ల, పరిగి, తాండూరు వైపు పల్లెల్లో ఇవాళ బడికి పంతులమ్మ రావడం ఎవరికీ వింత కాదు. వందేళ్ల కిందట తెలుగునాట ఆడపిల్లల చదువుకు పెద్ద అడ్డంకి ఆ పంతులమ్మ దొరక్కపోవడమే. ఈడొచ్చిన పిల్లను మగ పంతులు దగ్గరికి పంపడానికి ఇంట్లో ఒప్పుకునేవారు కాదు. చదువుకున్న ఆడవాళ్లే లేకపోతే పంతులమ్మ ఎక్కణ్నుంచి వస్తుంది? 1866లో మన దేశానికి వచ్చిన బ్రిటిష్ సంఘసంస్కర్త మేరీ కార్పెంటర్ ఈ చిక్కుముడినే చూసి, స్త్రీలకు ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలు పెట్టాలని ప్రభుత్వం వెంటపడింది. 1870లో మద్రాసులో అలాంటిదొకటి మొదలైంది. ఈ పల్లెలున్న నిజాం ఇలాకాకు ఆ గాలి సోకడానికి చాలా కాలం పట్టింది. వికారాబాదులో మెథడిస్టు మిషన్ నడిపిన మేరీ నాట్స్ బాలికల బడి లాంటివే చాలామందికి దిక్కు.

ఆ ముడిని విప్పడానికి జీవితమంతా పాటుపడిన తెలుగు మహిళ దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1909లో రాజమండ్రిలో పుట్టింది. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు, పెద్దయ్యాక ఆ బంధం నుంచి తప్పుకుంది. పన్నెండు పదమూడేళ్ల వయసులోనే ఆడవాళ్లకు హిందీ బడి పెట్టి తానే పాఠాలు చెప్పింది. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లి వచ్చాక, ఆగిపోయిన చదువును మళ్లీ అందుకుని బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పాసైంది. 1942 నాటికి లా పట్టా కూడా చేతికొచ్చింది. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించి, తనలాగే చదువు మధ్యలో వదిలేసిన వాళ్లను అదే బెనారస్ పరీక్షకు కూర్చోబెట్టింది.

ఆమె చేసిన పనులన్నిట్లో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది 1958 నాటిది. అప్పుడామె కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు అధ్యక్షురాలు. బడి మానేసిన పెద్దవయసు ఆడవాళ్లకు ఏళ్ల చదువును కుదించి, తక్కువ కాలంలో నేర్పి పరీక్ష రాయించే కోర్సులు బోర్డు మొదలుపెట్టింది. పాసైన వాళ్లు టీచర్లు, నర్సులు, గ్రామసేవికలు కావచ్చు. వితంతువైనా, మొగుడు వదిలేసినా, ఊళ్లో ఉన్న ఆడమనిషినే ఆ ఊరికి పంతులమ్మను చేయవచ్చన్న ఆలోచన అది. పట్నం నుంచి ఎవరో వస్తారని ఎదురుచూడనక్కర్లేదు. తన బతుకులో గెలిచిన దారినే ఆమె దేశానికి పథకంగా ఇచ్చింది.

అదే ఏడాది ఏర్పడిన జాతీయ మహిళా విద్యా కమిటీకి కూడా ఆమే అధ్యక్షురాలు. 1959 నివేదికలో పల్లెల్లో ఉపాధ్యాయినులకు క్వార్టర్లు కట్టాలని, పంతుళ్లంతా మగవాళ్లే ఉన్న బడిలో ఆడపిల్లల బాగోగులు చూసే ఒక స్త్రీని నియమించాలని కమిటీ అడిగింది. ఒంటరి ఆడమనిషి పరాయి ఊళ్లో ఎక్కడ తలదాచుకుంటుందో ఆలోచించకుండా ఉద్యోగం ఇస్తే ఏం లాభం?

హైదరాబాదులో ఉస్మానియా ప్రాంగణంలో మహిళా సభ నడిపే ఉపాధ్యాయ శిక్షణ కళాశాల ఆ పరంపరలోదే. 1986 విద్యా విధానం తర్వాత జిల్లాకో శిక్షణ సంస్థ వచ్చింది, వికారాబాదులోనూ ఉంది. చదువు చెప్పే స్త్రీలకు ఇప్పుడు కొరత లేదు. ఆమె అడిగిన క్వార్టర్లు మాత్రం పల్లెల్లో ఇంకా కట్టాల్సే ఉంది.