కుర్చీల తగాదాలో పుట్టిన క్రీడాంగణం

నగరాల చరిత్రను శాసనసభల చర్చలలోను, మునిసిపాలిటీల తీర్మానాలలోను వెదకటం పరిపాటి. ఆ చరిత్రలో కొంత భాగం క్లబ్బుల భోజనపు బల్లల వద్ద నడిచింది. 1905లో షికాగోలో పుట్టిన రోటరీ 1919 నాటికి కలకత్తా చేరుకుని, వారం వారం సమావేశమై ఊరి మంచిచెడ్డలు మాట్లాడుకునే అలవాటును ఇక్కడి వ్యాపార, వృత్తి వర్గాలకు నేర్పింది. సేవ ఆశయంగా లేని క్లబ్బులు సైతం ఊరి వ్యవహారాలలో తక్కువ పాత్ర వహించలేదు. సభ్యులు కొందరే అయినా వారు తలపెట్టే పనికి నేల ప్రభుత్వానిది, ప్రయోజనం ప్రజల పేర. ఈ పొత్తులోని చిక్కు ఎటువంటిదో బొంబాయి క్రికెట్ మైదానాల కథ విశదం చేస్తుంది.

భారతదేశంలో మొదటి టెస్టు మ్యాచి 1933 డిసెంబరులో బొంబాయి జింఖానా మైదానంలో జరిగింది. ఆనాటి భారత నాయకుడు సి.కె. నాయుడు, ఆయన పూర్వీకులు తెలుగువారు. లాలా అమర్‌నాథ్ శతకం చేసింది ఆ మ్యాచిలోనే. అయితే ఆ జింఖానాలో సభ్యత్వం యూరోపియన్లకే పరిమితం. మైదానంలో దేశానికి ప్రాతినిధ్యం వహించిన వారికి ఆ క్లబ్బులో సభ్యులుగా చేరే హక్కు లేదు. అదే సంవత్సరం క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. భారతీయులకు సొంత మైదానం ఉండాలన్న ఆకాంక్ష దానికి ఊపిరి పోసింది.

క్లబ్బుకు కావలసిన నేల సముద్రం నుండి వచ్చింది. గవర్నరు జార్జి లాయిడ్ హయాంలో ప్రారంభమైన బ్యాక్‌బే పూడిక పథకం 1920లలో పెద్ద కుంభకోణంగా పేరుకెక్కింది. ఖర్చు అంచనాలను మించిపోయింది. తలపెట్టిన ఎనిమిది భాగాలలో నాలుగే పూర్తయినవి. ప్రజాధనం నీటిపాలైన తీరును బయటపెట్టిన కె.ఎఫ్. నారిమన్‌పై ఒక ఇంజనీరు పరువునష్టం కేసు వేశాడు. నారిమన్ నిర్దోషిగా బయటపడ్డాడు. ఈనాడు నారిమన్ పాయింట్‌కు ఉన్న పేరు ఆయనదే. అలా పూడ్చిన నేలలో కొంత భాగం, అప్పటి గవర్నరు లార్డ్ బ్రాబోర్న్ చొరవతో, క్లబ్బుకు చౌకగా దక్కింది. ప్రభుత్వానికి సొమ్ము కావాలా, తనకు శాశ్వతమైన పేరు కావాలా అని ఆంథొనీ డిమెల్లో గవర్నరును అడిగినట్లు ఒక కథ ప్రచారంలో ఉంది. కథలోని నిజానిజాలు ఎట్లున్నా ఫలితం మాత్రం కళ్ళెదుట ఉంది: 1936లో బ్రాబోర్న్ పునాదిరాయి వేశాడు, 1937 డిసెంబరులో ఆయన పేరిట స్టేడియం తెరుచుకుంది.

కొత్త స్టేడియంలో మొదటి సంవత్సరమే కుర్చీల తగాదా వచ్చింది. హిందూ, ముస్లిం, పార్సీ, యూరోపియన్ జట్లు మతాలవారీగా ఆడే పోటీలో ‘ఇతరులు’ అనే అయిదో జట్టుకు చోటిచ్చి, దానిని పెంటాంగ్యులర్‌గా మార్చిన సంవత్సరమది. కొత్త మైదానంలో తమకు కేటాయించిన సీట్లు చాలవని హిందూ జింఖానా ఆ ఏడు జట్టును పంపలేదు. మతాల ప్రాతిపదికన క్రికెట్ ఆడటం తగదని గాంధీజీ 1940లో చెప్పారు. 1946 తరువాత ఆ పోటీలే అంతరించినవి. కుర్చీల సమస్య మాత్రం అంతరించలేదు. ఎందుకనగా దానికి మూలం మతంలో లేదు, యాజమాన్యంలో ఉంది. మైదానం క్లబ్బుది, మ్యాచి నిర్వహించేది మరొకరు. ఎవరి అతిథులు ఎక్కడ కూర్చోవాలన్నది ప్రతిసారీ బేరమే.

స్వాతంత్ర్యానంతరం ఆ బేరంలో రెండవ పక్షం బొంబాయి క్రికెట్ సంఘం. నగరంలోని చిన్నాపెద్దా క్లబ్బులన్నీ దానికి అనుబంధం. టెస్టు మ్యాచి వచ్చినప్పుడు వాటన్నిటికీ టికెట్లు పంచవలసిన బాధ్యత దానిది. క్లబ్బేమో తన సభ్యులకు మంచి చోట్లు అట్టిపెట్టుకునేది. 1970ల ఆరంభంలో క్లబ్బు అధ్యక్షుడు విజయ్ మర్చంట్, మహా బ్యాట్స్‌మన్. సంఘం అధ్యక్షుడు శేషరావ్ వాంఖడే, మహారాష్ట్ర శాసనసభాపతి. అదనపు సీట్ల విషయంలో ఇద్దరికీ పొసగలేదు. మీరివ్వకపోతే మా స్టేడియం మేమే కట్టుకుంటామన్న పంతం వాంఖడేది. అది సాగే పని కాదన్న ధీమా మర్చంట్‌ది. ఇక్కడ మర్చంట్ తప్పు లెక్క వేశాడు. ఎదుట ఉన్నది క్రీడాసంఘం మాత్రమేనని ఆయన అనుకున్నట్లున్నది. ఆ సంఘం వెనుక రాష్ట్ర రాజకీయాధికారం ఉంది.

చర్చ్‌గేట్ స్టేషను సమీపంలో, బ్రాబోర్న్ స్టేడియానికి కిలోమీటరు లోపు దూరంలో, ఏడాదికి కాస్త అటూఇటుగా కొత్త స్టేడియం లేచింది. వాస్తుశిల్పి శశి ప్రభు. 1975 జనవరిలో అక్కడ మొదటి టెస్టు జరిగింది. వెస్టిండీస్ నాయకుడు క్లైవ్ లాయిడ్ అజేయంగా 242 పరుగులు చేశాడు. ఆయనను అభినందించటానికి మైదానంలోకి పరుగెత్తిన ఒక కుర్రవాణ్ణి పోలీసులు కొట్టగా జనం తిరగబడ్డారు. సామాన్య ప్రేక్షకునికి ఎక్కువ చోటు కల్పించే వాదంతో వచ్చిన స్టేడియానికి ఆ ప్రేక్షకుడితోనే మొదటి ఘర్షణ రావటం గమనింపదగినది. బ్రాబోర్న్‌కు టెస్టు మ్యాచి మళ్ళీ దక్కటానికి 2009 డిసెంబరు దాకా పట్టింది.

ఈ కథలో క్లబ్బును దోషిగా, సంఘాన్ని ప్రజాపక్షంగా నిలపటం తేలిక. చరిత్ర అంత తేలికగా లొంగదు. క్లబ్బు అహంకారం నిజమే. జాతివివక్ష పాటించిన జింఖానాకు ప్రత్యామ్నాయం చూపింది కూడా ఆ క్లబ్బే. సంఘం వాదంలో న్యాయం ఉంది. ఆ న్యాయం నెగ్గింది మాత్రం సభాపతి పలుకుబడి వల్ల. పక్కపక్కనే రెండు పెద్ద స్టేడియాలు ఒక నగరానికి అవసరమా అన్న ప్రశ్న కుర్చీల పంపకపు లెక్కలో మరుగున పడిపోయింది. 2011 ప్రపంచకప్పు కోసం వాంఖడే స్టేడియాన్ని పునర్నిర్మించినప్పుడు, దానిలోని సీట్లు పెరగకపోగా సుమారు 33,000కు తగ్గినవి.

పేర్ల సంగతి మరొకటి. నేల ఇప్పించిన గవర్నరు పదవిలో ఉండగానే ఒక స్టేడియం ఆయన పేరు పెట్టుకుంది. కట్టించిన సభాపతి జీవితకాలంలోనే మరొకటి ఆయన పేరు ధరించింది. 2021 ఫిబ్రవరిలో అహ్మదాబాదు మొతేరా స్టేడియానికి పదవిలో ఉన్న ప్రధాని పేరు పెట్టినప్పుడు దేశం విస్తుపోయింది. ఆ ఆనవాయితీకి బొంబాయిలో అప్పటికే ఎనభై అయిదేళ్ళ వయసు. గవర్నరు పోయి సభాపతి వచ్చాడు, సభాపతి తరువాత ప్రధాని వచ్చాడు. నేల ఎవరిదో వారి పేరు మాత్రం ఏ ద్వారం మీదా ఇంకా కనిపించలేదు.