సేద్యం అమ్మది, సలహా నాయనకు

 కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం 1906లో మొదలైంది. అప్పుడు మనది మద్రాసు ప్రెసిడెన్సీ. నరసింహ పత్తి, సూర్యనంది కొర్ర, నంద్యాల శనగ 49 ఇక్కడ పుట్టినవే. ఇంత చరిత్ర ఉంది కదా, మరి ఆ కబురు ఎవరి చెవిన పడింది?

1970ల్లో ప్రపంచ బ్యాంకు సాయంతో దేశంలో శిక్షణ, సందర్శన పద్ధతి వచ్చింది. అధికారి ఊళ్ళో కొందరు రైతులను ఎంచుకుని వాళ్ళకు చెప్తాడు, వాళ్ళు మిగతావాళ్ళకు చెప్పాలి. ఎంచుకున్నది ఎక్కువగా భూమి ఉన్న మగవాళ్ళనే. ఆడవాళ్ళను రావద్దని ఎవరూ అనలేదు. కానీ రచ్చబండ దగ్గర మీటింగు జరిగే వేళకు వాళ్ళు కలుపులో ఉంటారు. విత్తనం దాచేది మా యాడి, సలహా వినేది మా నాయన.

దీని ఫలితం శనగలో చూడొచ్చు. నంద్యాల నుంచే మిషన్‌తో కోయడానికి వీలుగా ఎత్తు పెరిగే ధీర రకం వచ్చింది. కూలీలు దొరకని రైతుకు అది మేలే. కానీ ఆళ్ళగడ్డ వైపు శనగ పీకి బతికే తండా ఆడవాళ్ళకు పోయేది కూలి. ఆ లెక్క కూడా వేయాలంటే వాళ్ళను ముందు అడగాలి.

దారి మారింది సంఘాలతోనే. 2000 తర్వాత ఖమ్మం జిల్లా పునుకులలో మహిళా సంఘం ముందు నిలబడి పురుగుమందులు మాన్పించింది, వేపగింజల కషాయం పట్టించింది. ఆ అనుభవం పొదుపు సంఘాల ద్వారా రాష్ట్రమంతా పాకింది. రైతులే కనిపించే చిన్న వీడియోలను పికో ప్రొజెక్టర్‌తో సంఘం మీటింగులో చూపించారు. చదువు రాకపోయినా అర్థమవుతుంది. ప్రకృతి సేద్యంలో కూడా నేర్పేది సాటి రైతులే. 2024లో ఆ కార్యక్రమానికి గుల్బెంకియన్ బహుమతి వచ్చింది.

అయినా ఒక ముడి మిగిలింది, కాగితం. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో కమతాలు ఆడవాళ్ళ పేరున ఉన్నది సుమారు 14 శాతమే. మనకు ఇంకో చిక్కు కూడా ఉంది. 1956 హిందూ వారసత్వ చట్టం, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప, ఎస్టీలకు వర్తించదు. అందుకే కూతురి వాటా అంటే పెద్దమనుషులు ఆచారం అంటారు. కానీ 2006 అటవీ హక్కుల చట్టంలో పెళ్ళయినవాళ్ళకు పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఇవ్వాలని రాసి ఉంది. అహోబిలం అడవి వైపు ఉన్న మన చెంచు అక్కలకు ఈ మాట చేరాలి.

ఈసారి సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు మూడు పనులు చేద్దాం. పాసుపుస్తకంలో, పట్టాలో ఎవరి పేరుందో చూద్దాం. ఈ-క్రాప్‌లో సాగుచేసేవాళ్ళ పేరు ఎక్కిందో లేదో అడుగుదాం. రైతు సేవా కేంద్రానికి ఒక్కసారైనా అమ్మను తీసుకుపోదాం. మనం పక్కన నిలబడదాం, మాట్లాడేది అమ్మే. పొలం సంగతి మనకంటే ఆమెకే బాగా తెలుసు.