నూకలు, పాలు, విధి

పాముకాటునుండి బ్రతికి బయటపడిన వానిని చూచి, "ఇంకను భూమిమీద నూకలున్నవి" అందుము. దాచేపల్లి పరిసరములలోనే కాదు, తెలుగునాట ఎల్లెడల ఈ మాట వాడుకయే. ఎవరి గ్రాసము వారికి ముందే కొలిచి పెట్టబడినదనియు, అది చెల్లిన నాడు ఆయువును చెల్లుననియు దాని భావము.

ప్రాచీన గ్రీకులును ఇట్లే తలచిరి. వారి భాషలో విధికి పేరు ‘మొయిరా’. ఆ మాటకు మొదటి అర్థము పాలు, వాటా. విందులో మాంసపు వాటాయు, పంపకములో భూమి వాటాయు మొయిరాయే. పిమ్మట అదే మనుజుని ఆయువుపాలై, తుదకు దేవత యైనది. క్రీ.పూ. 700 ప్రాంతమున హెసియొడ్ కవి ముగ్గురు మొయిరాలను పేర్కొనెను. క్లోతో నూలు వడకును. లాఖెసిస్ పాలు పంచును. అత్రొపోస్ అనగా మరలింపరానిది. ఏకును, కదురును ఎరిగిన ప్రత్తినేల వారికి ఆ పోగు తెగుట అనగా నేమో వివరింప నక్కరలేదు. మన ‘భాగ్య’ శబ్దమునకును ‘భాగము’నకును ధాతు వొక్కటే. మన ‘అమృతము’, వారి ‘అంబ్రొసియా’ తోబుట్టువులే. మరణము లేకుండుటయే రెంటి మూలార్థము.

భాగమే విధి యైనచో, దానిని పంచు చేయి ఎవరిది? పల్నాటి వీరగాథ ఈ ప్రశ్ననే మన ముందుంచుచున్నది. 12వ శతాబ్ది చివర సవతి సోదరులైన నలగామరాజు, మలిదేవుడు రాజ్యము పంచుకొనిరి. గురజాల ఒకరిది, మాచర్ల ఒకరిది. కోడిపందెమున ఓడి మలిదేవుని పక్షమువారు 7 ఏండ్లు వలసపోయిరి. గడువు తీరినను వారి పాలు వారికి దక్కలేదు. రాయబారిగా వెళ్లిన అలరాజు హతుడయ్యెను. తుదకు కారెంపూడి వద్ద, నాగులేటి ఒడ్డున, తల్లి ఆపినను ఆగని బాలచంద్రునితోపాటు ఎందరో నేలగూలిరి. ఆ ఏరే దాచేపల్లి మీదుగా సాగి కృష్ణలో కలియుచున్నది.

దీనిని విధివ్రాత యనుట సులభము. కాని పందెము కాచినది, మాట తప్పినది మనుష్యులే. హోమరు ‘ఒడిస్సీ’ ఆరంభమున దేవరాజైన జ్యూస్ ఈ విషయమునే వాపోవును: మానవులు నెపము దేవతలపై వేయుదురు గాని, తమ అవివేకముచేతనే పాలికి మించిన దుఃఖము కొనితెచ్చుకొందురట.

నేటికిని కార్తికమున కారెంపూడిలో వీరులకు ఉత్సవము జరుగుచున్నది. చావు అందరికిని సమానమైన పాలు. మన నూకల కొలత మన చేతిలో లేదు. తోడివాని పాలు వానికి దక్కనిచ్చుట మాత్రము మన చేతిలోనిదే.